కొలతలు తెచ్చాకే కమోడ్ చూపించిన దుకాణం

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉన్న ఈ శానిటరీ దుకాణానికి మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఏమీ కొనకుండానే తిరిగి వచ్చాను. ఇంట్లో గోడకు బిగించిన కమోడ్ పాతబడిపోయిందనీ, దాని స్థానంలో కొత్తది పెట్టించాలనీ చెప్పగానే, యజమాని గారు నన్ను నమూనాలు వరుసగా అమర్చిన గోడ దగ్గరకు తీసుకువెళ్లకుండా, "బోల్టుకీ బోల్టుకీ మధ్య ఎంతుందో కొలిచారా అమ్మా?" అని అడిగారు. కొలవలేదన్నాను. ఆయన బిల్లు పుస్తకం వెనక కాగితం మీద ఒక గోడనూ, దాని మీద రెండు బోల్టులనూ, వాటి దిగువన మురుగు పైపునూ గీసి, నాలుగు చోట్ల ఖాళీలు వదిలి, అవి నింపుకుని రమ్మని పంపించారు. అంతకు ముందు నేను తిరిగిన రెండు దుకాణాల్లో ధర, రంగు, డిస్కౌంటు గురించి మాత్రమే మాట్లాడారు. ఒకచోటనైతే అప్పటికప్పుడే అడ్వాన్సు కట్టమన్నారు. పని పూర్తయి రెండు నెలలు గడిచిన తరువాత ఆలోచిస్తే, ఆ కాగితం చేతిలో పెట్టకపోయి ఉంటే మేము కనీసం పదివేల రూపాయలు వృథా చేసుకుని ఉండేవాళ్లమని నాకు నమ్మకంగా అనిపిస్తోంది. అందుకే ఈ దుకాణం గురించీ, వాళ్లు పంపిన ప్లంబరు గారి పని గురించీ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది లాయర్‌పేటలో 2003లో కట్టుకున్న ఇల్లు. కమోడ్ కింద చీపురు పెట్టి నేలంతా కడుక్కోవచ్చన్న ఒక్క సౌకర్యం చూసి, మా మామయ్య గారు గోడకు వేలాడే రకాన్నే పెట్టించారు. ఇరవై ఏళ్లు అది బాగానే పని చేసింది. గత వానాకాలం నుంచి మా అత్తయ్య గారు కూర్చున్నప్పుడల్లా కమోడ్ కొద్దిగా కిందికి వంగినట్టు అనిపిస్తోందని చెబుతూ వచ్చారు. ఆమెకు 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులు. మొదట్లో మేము అది ఆమె భయమే అనుకున్నాము. తరువాత గమనిస్తే కమోడ్‌కూ టైల్స్‌కూ మధ్య వేసిన తెల్ల సిమెంటు చీలి, ఆ చీలిక వెంట నల్లటి గీత ఏర్పడి ఉంది. అదే గోడకు అవతలి వైపున ఉన్న పడకగదిలో, నేల నుంచి మూడు అడుగుల ఎత్తు వరకు రంగు పొక్కులు లేచి రాలడం మొదలైంది. ఒక ప్లంబరు వచ్చి చీలికలో మళ్లీ తెల్ల సిమెంటు నింపి వెళ్లారు. అది నెల తిరగకుండానే ఊడిపోతే మరొకరు వచ్చి ఎంసీల్ పెట్టారు. కదిలే వస్తువు చుట్టూ గట్టిపడే పదార్థం ఏది పూసినా పగులుతుందన్న సంగతిని మాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ నాలుగు ఖాళీల గురించి చెప్పాలి, ఎందుకంటే పాత గోడ కమోడ్ మార్చాలనుకునే ఎవరికైనా ఇదే అసలు విషయమని నా అభిప్రాయం. మొదటిది బోల్టుల మధ్య దూరం. గోడ కమోడ్‌లలో ఇది సాధారణంగా 180 మిల్లీమీటర్లు గానీ 230 మిల్లీమీటర్లు గానీ ఉంటుంది. బయట నుంచి చూస్తే రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, 230 బోల్టులున్న గోడకు 180 రంధ్రాలున్న కమోడ్ కొని తెచ్చుకుంటే, పెట్టె విప్పి గోడ దగ్గర నిలబెట్టేదాకా పొరపాటు తెలియదు. రెండవది మురుగు పైపు నడిమధ్య నుంచి టైల్స్ నేల వరకు ఉన్న ఎత్తు, దాన్ని బట్టే కూర్చునే ఎత్తు నిర్ణయమవుతుంది. మూడవది పైపు మధ్య నుంచి పక్క గోడకు ఉన్న దూరం, మోకాళ్లకూ మోచేతులకూ చోటు చాలుతుందో లేదో దాని వల్ల తెలుస్తుంది. నాలుగవది గోడ మందం. నేను తలుపు కమ్మి దగ్గర టేపు పెట్టి కొలిస్తే, రెండు వైపులా పూతనూ టైల్స్‌నూ కలుపుకుని ఆరు అంగుళాలు వచ్చింది. అంటే లోపల ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాత్రమే.

మరునాడు ఆ అంకెలు చూపించినప్పుడు యజమాని గారి చూపు నాలుగవ ఖాళీ మీదే ఆగింది. కమోడ్ బరువూ, దాని మీద కూర్చున్న మనిషి బరువూ గోడ నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన చోట పడతాయి కాబట్టి, పై అంచున బోల్టులు గోడను ముందుకు లాగుతాయి, దిగువ అంచు గోడను లోపలికి నొక్కుతుంది. తొమ్మిది అంగుళాల గోడలో కాంక్రీటు పోసి నిలబెట్టిన బోల్టులైతే ఆ లాగుడును తట్టుకుంటాయి, కానీ నాలుగున్నర అంగుళాల గోడకు ఆ శక్తి చాలదు. యూరప్ ప్రమాణాల ప్రకారం గోడ కమోడ్‌ను 400 కిలోల బరువుతో పరీక్షిస్తారని ఆయన చెప్పి, ఆ పరీక్షలో నెగ్గేది పింగాణీ అనీ, మన ఇంటి గోడను ఎవరూ పరీక్షించలేదనీ అన్నారు. కాబట్టి పాత బోల్టులకే కొత్త కమోడ్ తగిలించే పని తాను చేయించననీ, నేల మీద కాళ్లు మోపి నిలబడే ఇనుప చట్రం పెట్టుకుంటేనే అమ్ముతాననీ స్పష్టంగా చెప్పారు. చట్రం వల్ల ఖర్చు రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది. అయినా ఆ మాటలో వ్యాపారం కన్నా బాధ్యతే ఎక్కువగా కనిపించింది, ఎందుకంటే చట్రం వద్దనుకుంటే నేలకు కూర్చోబెట్టే మామూలు కమోడ్ తీసుకోమని, చాలా తక్కువ ధరలో ఉన్న దాన్ని కూడా ఆయనే చూపించారు.

ఆ రెండవ దారి గురించి ఇంట్లో రెండు రోజులు తర్జనభర్జన పడ్డాము. మా పైపు గోడలోకి వెళ్తుంది కాబట్టి, పీ ట్రాప్ ఉన్న, అంటే మురుగు నోరు వెనక గోడ వైపుకు ఉండే నేల కమోడ్ అయితే నేల పగలగొట్టకుండానే అమర్చవచ్చు. కానీ నేల కమోడ్ ఎత్తు కంపెనీ అచ్చులో పోసినంతే ఉంటుంది, గోడ కమోడ్ ఎత్తు మాత్రం మనం బిగించినంత ఉంటుంది. ఇళ్లలో సాధారణంగా సీటు నేల నుంచి 400 మిల్లీమీటర్ల ఎత్తులో వచ్చేటట్టు పెడతారు. వృద్ధులకూ, లేవడానికి ఇబ్బంది పడేవారికీ 450 నుంచి 480 మిల్లీమీటర్ల ఎత్తు అనువుగా ఉంటుందని వికలాంగుల సౌకర్యాల కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఉంది. మా అత్తయ్య గారిని ఇంట్లో ఉన్న రకరకాల కుర్చీల మీద, పీటల మీద కూర్చోబెట్టి లేవమంటే, 450 దగ్గర ఆమె చేతి ఆసరా లేకుండా లేచారు. మా నిర్ణయం అక్కడితో తేలిపోయింది. పాత కమోడ్ సీటు 385 దగ్గర ఉండేది, ఆమె ఇన్నాళ్లూ ఎంత కష్టపడ్డారో అప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

పని మొదటి రోజు పాత కమోడ్ విప్పినప్పుడు చూసిన దృశ్యం చెప్పి తీరాలి. దుకాణం వాళ్లు పంపిన ప్లంబరు గారు ముందు నీళ్లు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, కమోడ్ గిన్నెలో నిలిచిన నీటిని గుడ్డతో తోడి, దాని కింద రెండు ఇసుక సంచులు ఆసరాగా పెట్టి, అప్పుడే నట్లకు పానా తగిలించారు. కుడివైపు నట్టు తిరగనే లేదు. ఎడమవైపు దాన్ని తిప్పబోతే బోల్టే విరిగి చేతికి వచ్చింది. వేలి లావున ఉండవలసిన బోల్టు, గోడలోకి దిగిన చోట పెన్సిలంత సన్నబడి ఉంది. చుట్టూ ఉన్న ఇటుక తడికి మెత్తబడి గోటితో గీకితే రాలింది. బోల్టులకు ఆధారంగా పోసిన కాంక్రీటు ముద్ద రెండు పిడికిళ్లంత కూడా లేదు. "ఇన్నాళ్లు నిలబడటమే గొప్పమ్మా, ఇది పడిపోయి ఉంటే పెద్దావిడ కాళ్ల మీద పడేది" అని ఆయన అన్న మాటకు నాకు చాలాసేపు నోట మాట రాలేదు.

బోల్టులను తుప్పు అంతగా తినేయడానికి రెండు కారణాలు చెప్పారు. పైపు కలిసే చోట రబ్బరు వాషరు బదులు సిమెంటుతో అతికించడం వల్ల, కమోడ్ కదిలిన ప్రతిసారీ ఆ అతుకు విడిపోయి, ఫ్లష్ చేసిన నీటిలో కొంత గోడలోకి దిగుతూ వచ్చింది. రెండవ కారణం మేము ఏళ్ల తరబడి వాడిన యాసిడ్. బోరు నీటి ఉప్పు చారలు పోవడానికి నెలకొకసారి బజారు యాసిడ్ పోసి కడిగించేవాళ్లం. పింగాణీ మెరుపును యాసిడ్ అంత త్వరగా చెరపదు గానీ, టైల్స్ మధ్య సిమెంటునూ, ఇనుమునూ, క్రోమియం పూతనూ అది తినేస్తుంది. దాని ఆవిరి చీలికల గుండా లోపలికి వెళ్లినా తుప్పు పట్టడానికి చాలు. ఇప్పుడు మేము నిమ్మ ఉప్పు నీటిలో కరిగించి రాత్రి పోసి ఉదయం కడుగుతున్నాము, చారలు పోతున్నాయి.

చట్రం అమర్చే పని ఓపికగా చేశారు. పాడైన ఇటుకలను తీసేసి గోడను మళ్లీ కట్టి, దానికి ముందు చట్రాన్ని నిలబెట్టి, కాళ్లను నేలలోకీ పై భాగాన్ని గోడలోకీ బిగించారు. గోడలో దాగే ఫ్లష్ ట్యాంకు ఆ చట్రంలోనే ఇమిడి ఉంటుంది. పాత పైపు మధ్య భాగం నేలకు 200 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండగా, సీటు ఎత్తు పెంచినందువల్ల కమోడ్ నోరు అంతకన్నా పైకి వచ్చింది. ఆ తేడాను చట్రం లోపల వంపు పైపుతో సరిచేశారు. తరువాత ముందు వైపు ఇటుక పేర్చి టైల్స్ అతికించడంతో, కమోడ్ వెనక నాలుగు అడుగుల ఎత్తున ఎనిమిది అంగుళాల వెడల్పు అరుగు ఏర్పడింది. దాని మీద వేయడానికి చీమకుర్తి గ్రానైటు ముక్క ఒకటి మేస్త్రీ గారే తెచ్చారు. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ రకం అది. మన పక్క ఊరి రాయి దేశదేశాలకు వెళ్తుంటే, కోతలో మిగిలిన ముక్క మా స్నానాలగదికి ఇంత అందం తేవడం నాకు సంతోషంగా ఉంది. అరుగు వల్ల గది ఎనిమిది అంగుళాలు తగ్గుతుంది కనుక, పొడవు తక్కువగా, 490 మిల్లీమీటర్లు మాత్రమే ముందుకు వచ్చే కమోడ్‌ను ఎంచుకోమని దుకాణంలో ముందే చెప్పారు. ఆ సలహా లేకపోతే తలుపు కమోడ్‌కు తగిలేది.

గోడలో దాగే ట్యాంకు అంటే నాకు మొదట భయంగానే ఉండేది, ఎందుకంటే ఒంగోలు నీటి సంగతి అందరికీ తెలిసిందే. సాగర్ కాలువ నుంచి నింపే చెరువుల నీరు కుళాయికి ప్రతిరోజూ రాదు. మిగతా రోజుల్లో వాడే బోరు నీటిలోని ఉప్పు కుళాయిలనే పూడ్చేస్తుంటే, గోడలో ఉన్న ట్యాంకు గతి ఏమిటని అడిగాను. యజమాని గారు నమూనా ట్యాంకు ముందు మీటల పలకను చేత్తో ఊడదీసి, ఆ కిటికీలో నుంచే నీరు నింపే వాల్వునూ, దాని జల్లెడనూ, అడుగున ఉండే రబ్బరు వాషరునూ ఎలా బయటకు తీయాలో చూపించి, నా చేత కూడా ఒకసారి తీయించారు. ఆరు నెలలకొకసారి జల్లెడ కడగాలనీ, వాషరు గట్టిపడితే మార్చాలనీ చెప్పారు. పలక వెనక నీటిని కట్టేసే చిన్న వాల్వు ఉంది కాబట్టి, మరమ్మతుకు ఇంటి నీళ్లన్నీ ఆపవలసిన అవసరం లేదు. కొందరు ట్యాంకు లేకుండా పైపు ఒత్తిడితో పనిచేసే ఫ్లష్ వాల్వు పెట్టించుకుంటారు. ఒకే అంతస్తు ఇంటి మీద ఉండే ట్యాంకు ఎత్తు దానికి చాలదని ఆయన చెప్పారు. ట్యాంకు రకానికైతే నీరు సన్నగా వచ్చినా ఇబ్బంది లేదు, నిండడానికి కొంచెం ఆలస్యమవుతుందంతే.

పాత ట్యాంకు ఒక్కసారికి పది లీటర్లు వదిలేది. కొత్తది పెద్ద మీటకు 6 లీటర్లు, చిన్న మీటకు 3 లీటర్లు వదులుతుంది. ఆ కొంచెం నీటితో మలం సెప్టిక్ ట్యాంకు దాకా పోతుందా అన్నది నా రెండవ సందేహం. పది లీటర్ల నీటికి తయారైన పాత కమోడ్‌కు 6 లీటర్ల ట్యాంకు కలిపితే సరిగా శుభ్రపడదనీ, కమోడ్, ట్యాంకు ఒకదానికొకటి సరిపోయేవిగా ఉండాలనీ చెప్పారు. పైపు వాలు అడుగుకు పావు అంగుళం చొప్పున ఉంటే చాలునట. దాన్ని చూడటానికి ప్లంబరు గారు పెరట్లో మురుగు పైపు ఛాంబరు మూత తీయించి, లోపల ఒకరు నీళ్లు పోస్తుండగా ప్రవాహం ఆగకుండా వస్తోందో లేదో స్వయంగా పరిశీలించారు. ఇంతకు ముందు మా ఇంటికి వచ్చిన వారెవరూ ఆ మూత తీయమని అడగలేదు.

అరుగు కట్టిన వెంటనే కమోడ్ తగిలించమని మేమే తొందరపెట్టాము గానీ, ఇటుకకూ టైల్స్‌కూ తడి ఆరాలని ఆయన ఒప్పుకోలేదు. అయిదవ రోజు వచ్చి బిగించారు. కమోడ్‌కూ టైల్స్‌కూ మధ్య మెత్తని పలుచటి షీటు పెట్టి, రెండు నట్లనూ ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా తిప్పారు. ఇంకొంచెం బిగించండని మా వారు అంటే, "ఎక్కువ బిగిస్తే పింగాణీ పగిలిద్ది సార్, ఇంతే చాలు" అని ఆపేశారు. చుట్టూ సిలికాన్ పూసేటప్పుడు అడుగు భాగాన్ని కావాలనే వదిలేశారు. ఎప్పుడైనా లోపల నీరు కారితే అది కింది నుంచి బయటకు కనపడాలే గానీ గోడలోనే దాగిపోకూడదన్నది దాని ఉద్దేశం. చివరగా ట్యాంకులో బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరినీ ఫ్లష్ చేయవద్దన్నారు. గిన్నెలో నీరు తెల్లగానే ఉంది, అంటే వాషరు కారడం లేదు. ఇది ఎవరి ఇంట్లోనైనా పైసా ఖర్చు లేకుండా చేసుకోగల పరీక్ష.

బాగా లేని విషయాలు కూడా చెప్పాలి. మొదట చెప్పిన లెక్కలో నీటిని కట్టేసే యాంగిల్ వాల్వు, పైపు జోడించే రబ్బరు ముక్క, సిలికాన్ గొట్టం లేవు. అవి చివరి బిల్లులో 1,350 రూపాయలుగా వచ్చాయి. చిన్న మొత్తమే అయినా ముందే చెప్పి ఉండాల్సింది. మెల్లగా మూసుకునే సీటు మూత అని చెప్పి ఇచ్చినది మూడవ రోజుకే దబ్బున పడటం మొదలుపెట్టింది. దాన్ని మార్చి ఇచ్చారు గానీ అందుకు పదకొండు రోజులు పట్టింది, మూడుసార్లు ఫోన్ చేయవలసి వచ్చింది. టైల్స్ కోసేటప్పుడు లేచిన దుమ్ము పడకగది దాకా వచ్చింది, తలుపుకు తడి దుప్పటి కట్టుకోమని ఎవరూ చెప్పలేదు. అన్నిటికన్నా ఇబ్బంది, ఆ అయిదు రోజులూ అత్తయ్య గారిని పక్కింటికి తీసుకువెళ్లడం. పని ఎన్ని రోజులు పడుతుందో దుకాణంలో మొదట మూడు రోజులే అని చెప్పారు. ఇంట్లో పెద్దవారున్నప్పుడు ఆ రెండు రోజుల తేడా చాలా పెద్దది. ఇది చదివేవారు ముందుగానే వారం రోజులకు వేరే ఏర్పాటు చూసుకోవడం మంచిది.

మొత్తం ఖర్చు 39,150 రూపాయలు. కమోడ్, సీటు కలిపి 9,800, చట్రం, ట్యాంకు, మీటల పలక 16,400, ప్లంబరు గారి కూలి 4,500, మేస్త్రీ పని, టైల్స్ 6,200, గ్రానైటు 900, మిగిలినది పైన చెప్పిన సామగ్రి. కంపెనీ పేరు నేను కావాలనే రాయడం లేదు. పారీవేర్, హింద్‌వేర్, సెరా, జాక్వార్ వంటివన్నీ అక్కడ దొరుకుతాయి. మీ గోడకూ మీ పైపుకూ ఏది కుదురుతుందో చూసి తీసుకోవాలే గానీ, మా ఇంటికి కుదిరినదే మీకూ కుదరాలని లేదు. పింగాణీ మీద ఐఎస్ 2556 ముద్ర ఉందో లేదో మాత్రం చూసుకోండి.

నాలుగు రోజుల క్రితం మళ్లీ నీలిమందు వేసి చూశాను, నీరు తెల్లగానే ఉంది. కమోడ్ అడుగున వేలు పెట్టి తడిమితే పొడిగా ఉంది. పడకగది గోడ ఆరింది, ఉగాది ముందు రంగు వేయించాలని ఉంది. అత్తయ్య గారికి పట్టుకోవడానికి పక్క గోడకు స్టీలు కడ్డీ కూడా కావాలని అడిగితే, యజమాని గారు మళ్లీ అదే ప్రశ్నతో మొదలుపెట్టారు. ఆ గోడ మందం తొమ్మిది అంగుళాలే, ఈసారి నేను కొలిచి తీసుకువెళ్లాను.